మామ్మ తోమిన గ్యాసు పొయ్యి

పోయిన నెల కుడికంటికి శుక్లం తీయించుకుని, డాక్టరుగారిచ్చిన నల్లద్దాలు పెట్టుకుని, వంగకూడదు, తలంటుకోకూడదు, పొయ్యి సెగ తగలకూడదు అన్న ఆంక్షలన్నీ దారి పొడుగునా ఆటోలో మా అబ్బాయి చేత మళ్ళీ మళ్ళీ చెప్పించుకుంటూ ఇంటికి వచ్చి, భోజనాల బల్ల దగ్గర కుర్చీలో కూర్చున్నాక, ఎవరూ చూడకుండా అద్దాలు కొంచెం పైకెత్తి చూసిన మొట్టమొదటి వస్తువు మా ఇంటి ఫ్రిజ్జు తలుపు. స్టీలు తలుపు అది. దాని నిండా వేలిముద్రలు. కింద భాగమంతా మా మనవరాలి చిన్న చిన్న వేళ్ళు, పిడి పక్కన పెద్దవాళ్ళవి, మధ్యలో ఎవరో తడిచేత్తో తీసినట్టు కారిన చార ఒకటి. ఆ ముద్రలన్నిటి వెనక మసకమసకగా ఒక ముసలావిడ నల్లద్దాలు నుదుటి మీదకి ఎత్తుకుని నన్నే చూస్తోంది. ఒక్క క్షణం మా మామ్మే అనుకున్నాను.

మీలో శుక్లాలు తీయించుకున్నవాళ్ళుంటే నేను చెప్పేది ఇట్టే తెలుస్తుంది. లోకం అంతకుముందు మాసిపోయి ఉందని మనకి తెలియనే తెలియదు, కడిగి ఎదురుగా పెట్టాకే తెలుస్తుంది. తెల్లచీర తెల్లగా ఉంటుందన్న సంగతి కూడా నేను మరిచిపోయాను కాబోలు, నా చీరలన్నీ కొత్తగా కనిపించాయి. ఆ సంతోషం అలా ఉండగా ఈ ఫ్రిజ్జు ఒకటి. రోజూ పొద్దున్నే కాఫీ అయ్యాక దాన్ని తుడిచేది నేనే. ఇంట్లో నాకంటూ మిగిలిన పనుల్లో అదొకటి, అందుకని చాలా గర్వంగా చేసేదాన్ని, వచ్చినవాళ్ళకి చూపించేదాన్ని కూడాను. నేను ఆసుపత్రిలో ఉన్న ఒక్కరోజులోనే ఇన్ని ముద్రలు పడ్డాయా అని ఆశ్చర్యపోయాను, కొంచెం చిరాకు కూడా పడ్డాను.

నేను చూస్తున్నది గమనించిందో ఏమో, మా కోడలు ఒక మెత్తటి గుడ్డ తడిపి గట్టిగా పిండి తెచ్చింది. స్టీలుకి కూడా కర్రకి ఉన్నట్టే ఒక వాటం ఉంటుంది, సన్నటి గీతల్లాగా. ఆ వాటం వెంబడే పైనుంచి కిందకి తుడవాలి గాని అడ్డదిడ్డంగా రుద్దకూడదు. తడి ఆరేలోపు పొడిగుడ్డతో మరోసారి, ఆఖర్న ఒక్క చుక్క కొబ్బరినూనె గుడ్డకి అద్ది పైపైన. పొయ్యి మీదున్న చిమ్నీకి నూనెజిడ్డు పడుతుంది కాబట్టి దానికి ముందుగా వేడినీళ్ళు, గిన్నెలు తోమే సబ్బు. ఇవన్నీ ఆ పిల్లకి ఎవరు నేర్పారో తెలియదు, నేనైతే కాదు. గుడ్డ కిందకి దిగుతున్నప్పుడల్లా కిచకిచమని చిన్న చప్పుడు. కిటికీలోంచి పొద్దున్నెండ వచ్చి ఆ తలుపు మీద పడింది. నేను నల్లద్దాలు దించేసుకుని కళ్ళు మూసుకున్నాను. మూసుకోగానే తుమ్మపాల వైపు వెళ్ళే దారిలో ఉన్న మా పాతింటి పెరడు వచ్చేసింది, బూడిద వాసనతో సహా.

బూడిద అంటే ఏదో పొయ్యిలో బూడిద కాదు. మాది చెరుకు రైతుల ఇల్లు. చలికాలం వస్తే గానుగ ఆడేది, ఆ పక్కనే పెద్ద పెనం మీద రసం మరిగేది, కింద చెరుకుపిప్పే మండేది. బెల్లం దిగిపోయాక చల్లారిన ఆ పొయ్యిలోంచి మామ్మ బూడిద ఎత్తించి, పాత పంచెగుడ్డలో జల్లించి, మూతి వెడల్పు కుండలో దాచుకునేది. ఎంత మెత్తగా ఉండేదంటే చిన్నప్పుడు నేను దాన్ని మొహానికి పూసుకుని తిట్లు తిన్నాను. ఆ బూడిద, చింతపండు తొక్కు, కొబ్బరిపీచు — వీటితో మా ఇంటి ఇత్తడంతా మామ్మే తోమేది. పెరట్లో బావి పక్కన రాతిపలక మీద గొంతుకూర్చుని, బిందెని ఒళ్ళో బిడ్డలా పెట్టుకుని, గుండ్రంగా, గుండ్రంగా, ఒక లయలో తోముతుంటే నాకు కునుకు పట్టేది. తోమిన బిందెలు ఎండలో బోర్లించి ఉంటే, వాటి మీద ఎండ పసుపుపచ్చగా, మెత్తగా ఉండేది. ఇత్తడి మీద ఎండ కంట్లో గుచ్చుకోదు.

మా మామ్మ అంటే మా నాన్నకి తల్లి. ఇంటికి వంట ఆవిడది. మా అమ్మ నాన్నతోపాటు చెరుకు పనికి వెళ్ళేది, మొక్క నాటినప్పుడు, కలుపు తీసినప్పుడు, నరికినప్పుడు. వచ్చేసరికి మామ్మ అన్నం, పులుసు సిద్ధంగా ఉంచేది. ఆ ఇంట్లో ఎవరు ఎంత తిన్నారో, ఎవరికి ఏది పడదో అన్నీ ఆవిడకే తెలుసు. ఎవరికైనా కోపమొస్తే ముందు మామ్మ దగ్గరికే వెళ్ళేవారు, ఎందుకంటే తినడానికి ఏదో ఒకటి దొరికేది.

అలాంటి ఇంటికి మా చిన్నాన్న విశాఖపట్నం నుంచి గ్యాసు పొయ్యి తెచ్చాడు. ఆయన అక్కడ ఫ్యాక్టరీలో పనిచేసేవాడు, శనివారం సాయంత్రానికి రైల్లో వచ్చి సోమవారం వేకువన వెళ్ళిపోయేవాడు. మా వీధిలో అదే మొదటి గ్యాసు పొయ్యి అనుకుంటాను. స్టీలుది, రెండు మంటలు, వాటిని తిప్పే రెండు నల్లటి మరలు. మొహం చూసుకుని తల దువ్వుకోవచ్చు, అంత మెరుపు. నేను దువ్వుకున్నాను కూడా. చుట్టుపక్కల ఆడవాళ్ళు వచ్చి చూసి, ముట్టుకుని, పమిట చెంగుతో తుడిచి వెళ్ళేవారు. వంటింటి గట్టు మీద తూర్పు కిటికీకి ఎదురుగా పెట్టారు దాన్ని. మామ్మ మాత్రం గుమ్మంలోనే నిలబడి కళ్ళు చికిలించి చాలాసేపు చూసి, చివరికి ఒక్కటే మాట అంది.

“ఏటే ఇది, పొయ్యా, అద్దవా?”

అందరూ నవ్వారు. మామ్మ కూడా నవ్వింది. శుక్రవారం నాడు మట్టిపొయ్యి అలికి ముగ్గేసి బొట్టు పెట్టినట్టే దానికీ పసుపు రాసి బొట్టు పెట్టి, వంట మొదలుపెట్టింది. పాపం, అక్కడి నుంచే ఆవిడ కష్టాలు మొదలయ్యాయని మాకెవరికీ తెలియలేదు. అగ్గిపుల్ల గీసి పట్టుకుని మర ఎక్కడుందో వెతుక్కునేది. మర తిప్పి, పుల్ల ఆరిపోతే ఇంకో పుల్ల వెతుక్కునేది, ఈలోగా వంటింట్లో గ్యాసు వాసన. పొద్దున్నపూట మరీను. తడిగుడ్డ ఒకటి పొయ్యి మీద కప్పి, కాస్త జరిపి వండేది. ఎందుకు మామ్మా అంటే కొత్త వస్తువు, మరకలు పడతాయే అనేది. కొత్తది కదా, అలవాటు పడాలి అని మేమూ అనుకున్నాం.

ఒక శనివారం సాయంత్రం చిన్నాన్న గుమ్మంలోకి వచ్చేసరికి మామ్మ వంటింట్లో గొంతుకూర్చుని, పొయ్యి కిందకి దించుకుని, పీచు బూడిదలో ముంచి తోముతోంది. ఇత్తడి బిందెని తోమినట్టే, గుండ్రంగా. ఎడమ సగం అప్పటికే అయిపోయింది. ఆ సగంలో మొహం కనబడడం లేదు, మబ్బు పట్టినట్టు మాసిపోయి ఉంది. కుడి సగం మాత్రం ఇంకా అద్దంలాగే ఉంది.

“అమ్మా! ఏటి సేసేవే ఇది! ఇత్తడి బిందనుకున్నావేటి?” అని చిన్నాన్న సంచీ అక్కడే పడేశాడు. అంత పెద్ద మనిషికి కళ్ళల్లో నీళ్ళొక్కటే తక్కువ. ఆయన మంచివాడే, తల్లి అంటే ప్రాణమే, కాని ఆ పొయ్యిని ఒళ్ళో పెట్టుకుని రైల్లో తెచ్చిన మనిషాయన. మామ్మ లేచి చెయ్యి కడుక్కుంది. గ్యాసు వాసన సంగతి కూడా ఎవరో చెప్పారు ఆయనకి, దాంతో ఇంకా భయపడిపోయాడు. “ఇంకనుంచి నువ్వీ పొయ్యి జోలికి రాకమ్మా. వదిన సూసుకుంటాది” అని తేల్చేశాడు. నాన్న కూడా అవునన్నాడు. వంట తప్పిస్తే ముసలితల్లికి సుఖమే కదా అన్నది వాళ్ళ ఉద్దేశం. చిన్నాన్న ఆదివారమే వెళ్ళిపోవలసిన పనేదో ఉండి వెళ్ళిపోయాడు గాని ఆ మాట మాత్రం ఇంట్లో ఉండిపోయింది.

మామ్మ వీధరుగు మీద కూర్చుంది. అంతకుముందు పగటిపూట ఆవిడ వీధిలో కూర్చోగా నేను చూడలేదు. పొలం నుంచి వచ్చి వంటచేసిన అమ్మ కంచం పెట్టి పిలిస్తే వచ్చి రెండు ముద్దలు కతికి వెళ్ళిపోయేది. దారినపోయేవాళ్ళు పలకరిస్తే ఆ గొంతు ఎవరిదో కనిపెట్టి బదులు చెప్పేది. చేతులు మాత్రం ఒళ్ళో ఊరికే ఉండేవి కావు, ఒక అరచేత్తో ఇంకో అరచేతిని గుండ్రంగా రుద్దుకుంటూ ఉండేది. నాకది చూస్తే ఏడుపొచ్చేది. ఎందుకో తెలియక మామ్మ పక్కన కూర్చుని నేనూ అరచేతులు రుద్దుకునేదాన్ని.

ఆ మరుసటి శనివారం మధ్యాహ్నం, నాన్న బెల్లం దిమ్మలు బండికెత్తించుకుని మార్కెట్టుకి వెళ్ళాక, మా అమ్మ వంటింటి తలుపు దగ్గరగా వేసి పొయ్యి కిందకి దించింది. మామ్మ దాచుకున్న బూడిదకుండ తనే తెచ్చుకుంది. కొంగు బిగించి, మెరుస్తున్న ఆ కుడి సగాన్ని తోమడం మొదలుపెట్టింది. అమ్మకి గుండ్రంగా తోమే ఓపిక లేదు, ఏది తోమినా పైనుంచి కిందకి ఒకటే వరస, కలుపు తీసినట్టు. నేను తలుపుసందులోంచి దూరి, చిన్నాన్న చంపేస్తాడే అమ్మా అన్నాను. అమ్మ చెయ్యి ఆపకుండానే చెప్పింది.

“మామ్మకి ఆ మెరుపుకి కళ్ళు సెదురుతన్నాయే. మర ఎక్కడుందో కనపడ్డం లేదు. అందుకే తోమింది. నువ్వెవరికీ సెప్పకు.”

అంత పెద్ద సంగతి అంత మామూలుగా చెప్పేసి మళ్ళీ బూడిద అందుకుంది. మామ్మ అమ్మతో చెప్పలేదు, అమ్మ అడగనూ లేదు. మాసిన ఎడమ సగం దగ్గర మామ్మ చెయ్యి తిన్నగా మర మీదకి వెళ్ళడం, మెరిసే కుడి సగం దగ్గర తడుముకోవడం ఆ శనివారం సాయంత్రం పొయ్యి మళ్ళీ గట్టెక్కించి మరలు కట్టి ఉన్నాయో లేదో ఆవిడ చూసుకుంటున్నప్పుడే అమ్మ చూసిందట. ఇది నాకు చాలా ఏళ్ళ తరువాత చెప్పింది.

సాయంత్రం చిన్నాన్న వచ్చి చూసి నోరు తెరిచాడు. అమ్మ గుమ్మంలో నిలబడి, “సగం మెరిసి సగం మాసి ఎర్రిమొకంలాగుంది బాబూ. మొత్తం నేనే తోమేసేను. ఇప్పుడంతా ఒక్కలాగుంది కదా. పొలం నుంచొచ్చి వంట నావల్ల కాదు, అత్తనే వండనీయండి” అంది. చిన్నాన్న నాన్న వంక చూశాడు, నాన్న దూలం వంక చూశాడు. ఆఖరికి “మీ అత్తాకోడళ్ళకో దండం” అని చిన్నాన్న నవ్వేశాడు. వీధరుగు మీద ఇదంతా వింటున్న మామ్మ లేచి, చెయ్యి గోడకి ఆనించుకుంటూ వంటింట్లోకి వచ్చి, అమ్మని దాటుకుని వెళ్ళి, పొయ్యి మీద అరచెయ్యి పెట్టి ఈ చివరి నుంచి ఆ చివరికి నిమిరింది. ఆ రోజు రాత్రి పులుసు ఆవిడే పెట్టింది.

తరువాత అమ్మ ఇంకో పని చేసింది. శుక్రవారం నాడు పొయ్యికి బొట్టు పెట్టేది మామ్మ కదా, ఆ వంకన అమ్మ రోజూ పొద్దున్నే ఒక్కో మర నెత్తిమీద సున్నంతో చిన్న బొట్టు పెట్టడం మొదలుపెట్టింది. ఆ బొట్టు పైకి ఉంటే పొయ్యి ఆరినట్టు, పక్కకి ఉంటే గ్యాసు వస్తున్నట్టు. చూసినవాళ్ళు ఈ ఇంట్లో కోడలికి భక్తి ఎక్కువనుకునేవారు. అమ్మ చెల్లెలు, మా పిన్నమ్మ అయితే తన ఇంట్లో కూడా అలాగే పెట్టుకుంది. గ్యాసు వాసన మళ్ళీ మా వంటింట్లో రాలేదు.

ఒకటి మాత్రం నేను మరిచిపోలేను. పట్నంలో కంటి వైద్య శిబిరం పెడుతున్నారని మైకు కట్టుకున్న రిక్షా ఒకటి మా వీధిలోకి వచ్చింది. శుక్లాలున్నవారు రావలసిందిగా కోరుతున్నాం అని ఆ మైకు గోలగోలగా చెబుతుంటే అమ్మ, మామ్మ ఇద్దరూ గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. అమ్మ మామ్మ మొహంలోకి చూసింది. నోరు తెరవబోయింది, నేను చూశాను. ఆ రోజుల్లో కంటి ఆపరేషనంటే మాటలా, కదలకుండా పడుకోవాలి, సీసా అడుగంత మందం అద్దాలు పెట్టుకోవాలి, నక్కపల్లి వైపు ఎవరికో ఉన్న చూపు కూడా పోయిందని అందరూ చెప్పుకునేవారు. మామ్మ ఆ మైకు వైపు నుంచి మొహం తిప్పేసుకుని, “పాలు పొంగిపోతాయి, పద పద” అంటూ లోపలికి నడిచింది. అమ్మ ఇంకాసేపు అక్కడే నిలబడి, రిక్షా మలుపు తిరిగాక లోపలికి వచ్చింది. పొయ్యి మీద పాలు లేవు.

మామ్మ ఆ పొయ్యి మీద చాలా ఏళ్ళు వండింది. చూపు మెల్లమెల్లగా తగ్గిపోతూ వచ్చింది, చివరి రోజుల్లో మా అందరినీ గొంతుని బట్టే గుర్తుపట్టేది, నా పెళ్ళిలో నా మొహం రెండు చేతులతో తడిమి చూసి బాగున్నావే అంది. ఆవిడ మంచాన పడేదాకా ఆ వంటింట్లో పెత్తనం ఆవిడదే. పోయాక కూడా అమ్మ కొన్నాళ్ళు సున్నంబొట్టు పెడుతూనే ఉండేదట, చెయ్యి అలవాటు పడిపోయి. పాతిల్లు పడగొట్టినప్పుడు పాతసామాన్లవాడు అన్నీ పట్టుకుపోతుంటే నేను ఆ పొయ్యి ఒక్కటీ అడిగి తెచ్చుకున్నాను. మా ఆయన బతికున్నన్నాళ్ళూ దాన్ని చూసి నవ్వేవారు.

ఇవన్నీ తలుచుకుంటూ నేను కుర్చీలోనే కాస్త కునికినట్టున్నాను. మా మనవరాలు వచ్చి నల్లద్దాల్లోకి తొంగిచూసి, ఫ్రిజ్జు వైపు చూపించి, “నానమ్మా, నువ్వు తుడిచేక అమ్మ మళ్ళీ తుడిచేది, తెలుసా?” అంది. రోజూనా అన్నాను. రోజూనే, నువ్వు పూజ దగ్గరికెళ్ళేక అంది. గుడ్డ మడతపెడుతున్న మా కోడలు బిక్కమొహం వేసుకుని నిలబడిపోయింది. రెండేళ్ళుగా నేను గర్వంగా వచ్చినవాళ్ళకి చూపించిన ఆ మెరుపు ఎవరిదో నాకప్పుడు తెలిసింది.

ఆ పిల్ల కూడా అలా గుట్టుగా తుడుచుకుంటూ పోయి ఉంటే పోయేది. పోలేదు. ఆపరేషనుకి కొద్దిరోజుల ముందు నా ఎదురుగా కూర్చుని, “అత్తయ్యా, మీకు సరిగ్గా కనపడ్డం లేదు. రేపు ఆస్పత్రికెళ్దాం” అనేసింది. నాకు ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. నన్ను పనికిరానిదాన్ని చేస్తోందని, ఇంక ఈ వంటింటికి దూరం చేస్తుందని లేనిపోనివన్నీ ఊహించుకుని అన్నం కూడా సరిగ్గా తినలేదు. మామ్మ వీధరుగు మీద ఎందుకు అలా కూర్చుందో అప్పుడే నాకు పూర్తిగా తెలిసిందేమో. అయినా ఆ పిల్ల వెనక్కి తగ్గలేదు, అబ్బాయి చేత చెప్పించింది, తనే చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళింది. వెళ్ళిన పూటే పని అయిపోయింది, కట్టు కూడా మర్నాడే తీసేశారు.

డాక్టరుగారు ఆంక్షలు సడలించాక అబ్బాయి చేత అటక మీద నుంచి ఆ పొయ్యి దింపించాను. ఇన్నేళ్ళూ నా దగ్గరే ఉంది గాని ఇంత స్పష్టంగా దాన్ని నేనెప్పుడూ చూడలేదు. కిటికీ దగ్గరికి జరిపించుకుని చూస్తే, ఎడమ సగమంతా సున్నాలు, ఒకదాని మీద ఒకటి అల్లుకుపోయిన సన్నటి గుండ్రాలు. కుడి సగమంతా నిట్టనిలువు గీతలు, పైనుంచి కిందకి ఒకటే వరస. మధ్యలో ఎడమది ఎక్కడ ఆగిందో, కుడిది ఎక్కడ మొదలైందో వేలు పెట్టి చెప్పొచ్చు. వాళ్ళిద్దరూ ఒకరితో ఒకరు ఈ సంగతి ఒక్కసారైనా మాట్లాడుకుని ఉండరు. మాట్లాడుకుని ఉంటే ఆ రిక్షా వచ్చిన రోజున మా మామ్మ వెళ్ళేదేమో, నన్ను పెళ్ళికూతురుగా కళ్ళారా చూసేదేమో. అమ్మ మీద నాకు కోపం లేదు. అంత ప్రేమ నేనెక్కడా మళ్ళీ చూడలేదు. కాని నాకు ఇవాళ కనిపిస్తున్నదంతా మా కోడలు నోరు విప్పినందువల్ల కదా అనుకుంటే, ఎవరిని తలుచుకుని ఏడవాలో తెలియడం లేదు. ఇప్పుడు మా ఇంట్లో గుప్పెడు బూడిద లేదు, అవసరమూ లేదు.

మా కోడలు వెనకనుంచి వచ్చి వంగి చూసింది. “అయ్యో, ఎంత పాడైపోయిందత్తయ్యా. నా దగ్గర స్టీలుకి రాసే క్రీము ఉంది, ఒక్కసారి రుద్దేనంటే తళతళలాడిపోతాది, సూడండి” అంది, గుడ్డ అప్పటికే చేతిలో ఉంది. నేను ఆ చెయ్యి పట్టుకుని నా పక్కన కూర్చోబెట్టుకున్నాను. వద్దమ్మా, అది మళ్ళీ మెరిస్తే మా మామ్మకి కనపడదు అన్నాను.